పలకని పేర్లు: పశ్చిమ ప్రకాశంలో కులం గురించిన మౌనానికి ఒక చరిత్ర

మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం, దోర్నాల ప్రాంతాలతో కూడిన పశ్చిమ ప్రకాశంలో కులం తెలియకుండా పెళ్ళి సంబంధం కుదరదు, అద్దె ఇల్లు తేలిగ్గా దొరకదు, ఎన్నికల్లో టికెట్టు ఖరారు కాదు. అయినా నలుగురిలో ఎదుటి మనిషి కులం పేరెత్తడం మర్యాద కాదన్న నమ్మకం ఇక్కడి చదువుకున్న కుటుంబాల్లో గట్టిగా పాతుకుపోయి ఉంది. అడగదలచిన మాటను నేరుగా అడగకుండా “మీరేమిట్లు?”, “మీ ఇంటిపేరేమిటి?”, “ఊళ్ళో మీ ఇల్లు ఏ వైపు?”, “మీది ఏ సంఘం?” అన్న ప్రశ్నలతో రాబట్టుకోవడం, చెప్పవలసినవారు సైతం కులం పేరు పలకకుండా ఎస్సీ, బీసీ, ఓసీ అన్న ప్రభుత్వ జాబితాల అక్షరాల చాటున జవాబివ్వడం ఇక్కడ నిత్యవ్యవహారం.

ఈ మౌనాన్ని కొందరు కులం అంతరించిపోతున్నదనడానికి గుర్తుగా చూస్తారు. మరికొందరు తరతరాలుగా వస్తున్న సంస్కారమంటారు. చరిత్ర ఈ రెండు వాదనలనూ సమర్థించదు. నూటయాభై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళలో కులం పేరు రోజుకు వందసార్లు బిగ్గరగా వినిపించేది. అది ఎప్పుడు, ఎవరి నోట, ఏ కారణంగా ఆగిపోయిందో పరిశీలిస్తే, పైకి ఒకేలా కనిపించే మౌనం వెనుక వేర్వేరు మౌనాలున్నాయని తేలుతుంది. చెప్పుకోవలసిన అవసరం ఎన్నడూ రానివారిది ఒక మౌనమైతే, చెప్పుకుంటే కూడు, కొలువు, కొన్నిసార్లు ప్రాణం కూడా పోగొట్టుకోవలసి వచ్చినవారిది మరొక మౌనం. మొదటిది అలవాటు, రెండవది ఆత్మరక్షణ; ఈ రెండింటినీ కలిపి మర్యాద అని పేరు పెట్టడం వల్ల రెండవదానికి కారణమైన అన్యాయం కంటికి కనిపించకుండా పోయింది.

ఊరు, పల్లె, పిలుపు

ఈ తాలూకాలు 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో భాగంగా ఉండేవి. పడమట నల్లమల కొండలు, వాటి నుంచి పుట్టి కంభం చెరువును నింపి తూర్పుకు సాగే గుండ్లకమ్మ, వానమీద ఆధారపడిన మెట్టచేలు, మార్కాపురం చుట్టూ పలకరాయి గనులు ఈ సీమ రూపురేఖలు. వ్యవసాయం బావుల మీద నడిచిన కాలంలో నీళ్ళు తోడే కపిలకు తోలుబాన, ఎడ్లకు తోలుపట్టెడలు, రైతు కాలికి చెప్పులు, ఊరికి డప్పు అన్నీ మాదిగల చేతి పనితనం మీదనే సమకూరేవి. అందుకు ప్రతిఫలంగా కళ్ళం దగ్గర వారికి కొలిచి ఇచ్చే ధాన్యపు వాటాను మేర అనేవారు. మేర చట్టప్రకారం వచ్చే కూలి కాదు. రైతు మనసులో ఉన్నదాన్ని బట్టి పెరిగేది, తరిగేది, ఒక్కొక్కసారి అసలే అందేది కాదు.

ఈ అమరికలో మాటకు కట్టుదిట్టమైన నియమాలుండేవి. పల్లెవాడు, అంటే ఊరికి వెలుపల ఉండే మాలపల్లె, మాదిగపల్లెల మనిషి, రైతు ఇంటి పిల్లవాడిని కూడా అయ్యా, దొరా, సామీ అనవలసి వచ్చేది. పల్లెలోని ముసలివాడిని రైతు బిడ్డ ఒరే అని, తరచు పేరుకు కులాన్ని తగిలించి పిలిచేవాడు. కులం పేరు ఆనాడు దాచవలసిన మాట కాదు, పిలిచే పిలుపు. పిలవడం పైవాడి హక్కు, పలకడం కిందివాడి విధి. కిందివాడు పైవాడి కులాన్ని గురించి తన అభిప్రాయం చెప్పడానికి ఆ భాషలో చోటు లేదు. నేటి మౌనాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఏకపక్ష సంభాషణే ఆరంభ బిందువు, ఎందుకంటే తరువాత జరిగినదల్లా ఆ బిగ్గరమాట తగ్గడమే తప్ప, ఎదుటి పక్షానికి సమానమైన మాట దక్కడం కాదు.

ఈ నియమాన్ని ఊరే స్వయంగా తలకిందులు చేసుకునే సందర్భం ఒకటుండేది. ఎల్లమ్మ అంశగా ఎంపికైన మాదిగ స్త్రీని మాతంగి అంటారు. జాతర రోజున ఆమె పూనకంలో వీధుల వెంట పరుగెడుతూ, అంటుకోవడమే మైలగా భావించే ఇళ్ళవారిని తాకేది, వారి మీద ఉమ్మేది, వారి కులాలను పేరుపేరునా ఎత్తి నిందించేది. పెద్దకులాలవారు తలవంచుకుని నిలబడి ఆ తిట్లను శుద్ధిగా, దీవెనగా స్వీకరించేవారు. ఒంగోలు, రామాయపట్నం ప్రాంతాల్లో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టుల రచనల్లో, ముఖ్యంగా ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో ప్రచురించిన మాదిగల చరిత్రలోనూ, డబ్ల్యూ. టి. ఎల్మోర్ 1915లో గ్రామదేవతల మీద వెలువరించిన అధ్యయనంలోనూ మాతంగి ప్రస్తావన ఉంది. ఏడాదిలో ఒకనాడు, ఒక్క స్త్రీకి, అదీ దేవత ఆవహించినప్పుడు మాత్రమే దొరికిన ఈ వెసులుబాటు మిగతా రోజుల మాటమీద ఎంత బరువు ఉండేదో తెలియజేస్తుంది. గిద్దలూరుకు దక్షిణాన కడప సీమలోని కందిమల్లయపల్లెలో స్థిరపడిన పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో దూదేకుల సిద్దయ్యతో పాటు మాదిగ కక్కయ్య కథను ఈ ప్రాంతపు భజన బృందాలు నేటికీ ఆడి పాడుతుంటాయి. గురుశిష్య సంబంధం కూడా అలాంటి మరొక వెసులుబాటే. మఠం గడపలో మాట్లాడగలిగిన మాట ఊరి రచ్చబండ దగ్గరకు రాలేదు.

కొలతలకు ఎక్కిన మనుషులు

పందొమ్మిదో శతాబ్దం చివర బ్రిటిష్ ప్రభుత్వం కులాన్ని ఊరి పిలుపు నుంచి కచేరీ కాగితానికి ఎక్కించింది. యూరప్‌లో అప్పటికి బలపడిన జాతి సిద్ధాంతం, అంటే తల ఆకారం, ముక్కు వెడల్పు, ఒంటి రంగు వంటి పుట్టు లక్షణాలను బట్టి మనుషులను మేలైన, తక్కువైన జాతులుగా విడదీయవచ్చన్న నమ్మకం, ఇక్కడి కులాలకు అన్వయమైంది. 1901 జనాభా లెక్కలకు అధిపతిగా ఉన్న హెర్బర్ట్ రిజ్లీ, ముక్కు వెడల్పును పొడవుతో పోల్చి లెక్కగట్టే నాసికా సూచికను బట్టి కులం అంతస్తు తెలుస్తుందని వాదించాడు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ కొలత పరికరాలు వెంటబెట్టుకుని దక్షిణాది జిల్లాల్లో తిరిగి, కె. రంగాచారి సహాయంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించాడు.

నల్లమల చెంచులు ఈ శాస్త్రానికి ప్రత్యేకమైన ఆసక్తి కలిగించారు. శ్రీశైల మల్లికార్జునుడు చెంచు కన్యను పెళ్ళాడాడనీ, అహోబిలంలో నరసింహుడు చెంచులక్ష్మిని వరించాడనీ స్థలకథలు చెబుతాయి. అంటే ఇరుగుపొరుగువారి ఊహలో చెంచులు దేవుడి అత్తింటివారు. యాత్రికులు నల్లమల కనుమలు దాటేటప్పుడు దారులకు కాపలా కాసింది కూడా వారే. అదే చెంచులు కచేరీ కాగితాల్లో ఆదిమ జాతికి చెందిన అడవి మనుషులుగా నమోదయ్యారు. 1882 మద్రాసు అటవీ చట్టం కింద అడవులు రిజర్వు కావడంతో తేనె, గడ్డలు, వేట, పశువుల మేత అన్నిటికీ అనుమతి అవసరమైన స్థితికి వారు చేరారు. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ నల్లమలకు అవతలి హైదరాబాదు రాజ్యంలోని చెంచుల మీద 1943లో గ్రంథం ప్రచురించేసరికి, వారిని కాలం దాటిపోయిన ఆదిమ జాతిగా చూసే చూపు విద్యావంతుల్లో స్థిరపడి ఉంది. ప్రభుత్వం 1970లలో వారిని ఆదిమ గిరిజన తెగల జాబితాలో చేర్చి, ఆ పదం అవమానకరమన్న విమర్శ రావడంతో 2006లో ప్రత్యేక దుర్బల గిరిజన సమూహం అని పేరు మార్చింది. ఈ మొత్తం వ్యవహారంలో చెంచుల గురించి అందరూ మాట్లాడారు. చెంచులు తమ గురించి చెప్పుకునే సందర్భాలు మాత్రం గూడేలు దాటి రాలేదు.

జాతి సిద్ధాంతం నుంచే పుట్టిన మరొక చట్టం కొన్ని సమూహాల చేత తమ పేరును పూర్తిగా దాచుకునేలా చేసింది. నేరం రక్తంలోనే ఉంటుందన్న భావనతో 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాష్ట్రానికి విస్తరించారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకునే యెరుకలవారి వర్తకాన్ని రైళ్ళు, ఉప్పు పన్నులు దెబ్బతీసిన తరువాత వారిలో అనేక సమూహాలను ఈ చట్టం కింద నమోదు చేసి, బాపట్ల దగ్గర స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది గాని, అనుమానం రద్దు కాలేదు. ఊరి పేరు చెబితే ఉద్యోగం రాదన్న భయంతో చిరునామా మార్చి చెప్పుకునే పరిస్థితి తరువాతి తరాలకు కూడా తప్పలేదు. కులాన్ని శరీరంలో వెతికిన శాస్త్రం చివరికి ఓడిపోయినా, తన కులాన్ని బయటపెట్టుకోవడం ప్రమాదమన్న పాఠాన్ని బలహీనులకు నేర్పి పోయింది.

గుండ్లకమ్మ రేవు నుంచి కంభం దాకా

కులం గురించిన మాటను ఈ సీమలో మరో మలుపు తిప్పింది క్రైస్తవ మతప్రచారం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లఫ్ 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘం ఏర్పడింది; దాని వ్యాప్తికి మూలపురుషుడు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వర్తకుడు. పెద్దకులాల యువకులు కొందరు మొదట క్లఫ్ నడిపిన బడికి వచ్చారు, సంఘంలో చేరే ఆలోచనలో కూడా ఉన్నారు. మాదిగలను చేర్చుకోవద్దన్నది వారి షరతు. క్లఫ్ దంపతులు మాదిగల పక్షాన నిలబడటంతో ఆ యువకులు బడి విడిచిపెట్టారు. సంఘంలో చేరేవారికి క్లఫ్ పెట్టిన నియమాలు మూడు: విగ్రహాలకు మొక్కరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, ఆదివారం పని చేయరాదు. చూడడానికి ఇవి మతనియమాలే గాని, ఊరి దృష్టిలో మూడూ తిరుగుబాట్లే: జాతరకు డప్పు కొట్టే మనిషి లేకుండా పోయాడు, చచ్చిన గొడ్డును ఎత్తుకుపోయి తినే ఆచారం తెగింది, పిలిచినప్పుడు పనికి రావలసినవాడు వారంలో ఒకరోజు రానన్నాడు. రెడ్లు, కరణాలు కొన్నిచోట్ల బావులు మూసి, మేర ఆపి, తప్పుడు కేసులు పెట్టి బదులు తీర్చుకున్నారు.

1876-78 నాటి మహాకరువు కర్నూలు, నెల్లూరు జిల్లాలను చెండాడింది. కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్న క్లఫ్, వేలమంది పల్లెజనానికి కూలి కల్పించాడు. కరువు కాలంలో తిండి కోసం మతంలో చేరారన్న నింద రాకుండా బాప్తిస్మాలను ఆపి ఉంచి, తిరిగి మొదలుపెట్టాక 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ నది ఎగువన ఉన్న కంభంలో 1880లలోను, మార్కాపురంలో 1890లలోను బాప్టిస్టు మిషన్ కేంద్రాలు వెలిశాయి. బడి, ఆసుపత్రి, చదవడం వచ్చిన బోధకుడు పల్లెకు వచ్చారు. మార్కాపురం గనుల నుంచి వెళ్ళిన రాతిపలకల మీద దేశంలో లక్షలాది పిల్లలు అక్షరాలు దిద్దిన కాలంలో, ఆ గనుల చుట్టూ ఉన్న పల్లెల్లో చాలామంది పిల్లలకు తొలి పలక మిషన్ బడిలోనే చేతికందింది.

మతం మారినవారికి సంఘం కొత్త పేరు, కొత్త గౌరవం ఇచ్చింది. క్రీస్తులో కులం లేదని బోధించింది. అయితే కులం లేదని చెప్పడం వేరు, కులం లేకుండా పోవడం వేరు. ఒంగోలు నుంచి మార్కాపురం దాకా బాప్టిస్టు సంఘాల్లో అత్యధికులు మాదిగలు. నంద్యాల కేంద్రంగా గిద్దలూరు వైపు విస్తరించిన ఆంగ్లికన్ మిషన్‌లో, అంటే ఇంగ్లండు చర్చికి చెందిన ఎస్‌పీజీ సంస్థ సంఘాల్లో, ఎక్కువమంది మాలలు. ఏ మిషన్ ఏ పల్లెలో ముందు అడుగుపెట్టిందన్నదాన్ని బట్టి ఏర్పడిన ఈ విభజన వల్ల, కాలక్రమంలో సంఘం పేరు చెబితే కులం చెప్పినట్టే అయింది. అందుకే “మీది ఏ సంఘం?” అన్న ప్రశ్న ఈ ప్రాంతంలో భక్తిని గురించినది మాత్రమే కాదు. కులాన్ని పైకి అనరాని పాపంగా చూసిన చోట, లోపల దాన్ని గుర్తించుకోవడానికి మరొక దారి ఏర్పడటం సహజం. మాల మాదిగ సంఘాల మధ్య పెళ్ళిళ్ళు అరుదుగానే ఉండిపోయిన సంగతిని సంఘం లోపల చర్చకు పెట్టడం మాత్రం విశ్వాసానికే మచ్చగా భావించబడింది. మార్కాపురానికి తూర్పున, అదే రైలుమార్గం మీద ఉన్న వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా జీవితం ఈ రెండు వైపుల ఒత్తిడికీ సాక్ష్యం. యాదవ తండ్రికి, మాదిగ తల్లికి పుట్టి క్రైస్తవ కుటుంబంలో పెరిగిన ఆయనను హిందూ సాహిత్య సభలు అంటరానివాడన్నాయి, హిందూ పురాణాల మీద కావ్యాలు రాస్తున్నాడని క్రైస్తవులు దూరం పెట్టారు. గుడిలోకి రానివ్వని మనిషి తన మొరను శివుడికి గబ్బిలం ద్వారా పంపుకునే కావ్యాన్ని ఆయన 1941లో ప్రచురించాడు.

ధ్రువపత్రం ముందు రెండు నిజాలు

జాతి సిద్ధాంతాన్ని కింది కులాలు తమకు అనుకూలంగా మలచుకున్న ఘట్టం కూడా ఉంది. ఆర్యులు బయటి నుంచి వచ్చారని పాలకులే చెబుతున్నప్పుడు, అంటరానివారు ఈ నేలకు మొదటి హక్కుదారులు కావాలి గదా అన్న తర్కంతో 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ తమను పంచములుగా గాక ఆది ఆంధ్రులుగా ప్రకటించుకుంది. పంచములంటే నాలుగు వర్ణాల వెలుపలి అయిదోవారు. ఆది ఆంధ్రులంటే ఆంధ్రదేశపు తొలి ప్రజలు. మద్రాసు ప్రభుత్వం 1922లో ఈ పేరును ఆమోదించింది. తరువాత గాంధీ ప్రచారం చేసిన హరిజన పదం, 1930ల నాటి షెడ్యూల్డు కులాలన్న చట్టపరమైన పదం వచ్చాయి. పల్లెల పేర్లు హరిజనవాడలుగా, అరుంధతీ నగర్లుగా, అంబేడ్కర్ నగర్లుగా, ఎస్సీ కాలనీలుగా మారాయి. పేర్లు మారిన ప్రతిసారీ అవమానపు బరువు కొంత తగ్గింది, ఊరికి కాలనీకి మధ్య ఉన్న దారి మాత్రం అక్కడే ఉంది.

పశ్చిమ ప్రకాశపు మౌనానికి అన్నిటికన్నా లోతైన కారణం స్వతంత్ర భారత చట్టంలోనే ఉంది. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడో పేరా, హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డు కులస్థులుగా పరిగణించరాదని చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు లభించింది. క్రైస్తవులకు, ముస్లింలకు లభించలేదు. బ్రిటిష్ ప్రభుత్వపు 1936 నాటి ఉత్తర్వులోనే భారతీయ క్రైస్తవులను మినహాయించారు గనుక ఇది పాత నియమానికి కొనసాగింపు. క్రైస్తవంలో కులం లేదు గనుక క్రైస్తవుడికి అంటరానితనం ఉండదన్నది దీని వెనుక ఉన్న వాదన. మార్కాపురం టీకొట్టులో విడిగా పెట్టిన గ్లాసు మాత్రం, తాగే మనిషి ఆదివారం ఏ ప్రార్థన చేస్తాడో అడగలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1970లో ఇచ్చిన వెనుకబడిన తరగతుల ఉత్తర్వుల్లో, క్రైస్తవులుగా మారిన షెడ్యూల్డు కులస్థులను, వారి సంతతిని బీసీ సీ అన్న విభాగంలో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ కల్పించింది. అది ఉద్యోగంలో చిన్న వాటాయే గాని, దాడి జరిగినప్పుడు రక్షణ కాదు, చట్టసభలో స్థానం కాదు.

ఈ నియమం ఒక సాధారణ కుటుంబంలో ఎలా పనిచేసిందో చూస్తే మౌనం ఎలా తయారవుతుందో స్పష్టమవుతుంది. కంభం దగ్గరి పల్లెలో బాప్టిస్టు తల్లిదండ్రులకు పుట్టిన పిల్లవాడికి సంఘం రిజిస్టరులో ఒక పేరు ఉంటుంది, బడి రిజిస్టరులో మరొక పేరు ఉంటుంది. బడిలో చేర్చేటప్పుడు మతం గడిలో హిందూ అని, కులం గడిలో మాదిగ అని రాయిస్తారు. తహశీల్దారు కార్యాలయం నుంచి కులధ్రువపత్రం ఆ గడుల ఆధారంగానే వస్తుంది. ఆ పత్రంతో హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు, ఉపాధ్యాయ ఉద్యోగం వస్తాయి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే విచారణ కూడా వస్తుంది. ఆ భయంతో ఉద్యోగి పెళ్ళిపత్రికలో బైబిలు వాక్యం వేయించాలా వద్దా, ఇంటి ముందు సిలువ పెట్టుకోవాలా వద్దా, చనిపోయిన తండ్రిని సంఘం సమాధుల తోటలో పూడ్చాలా వద్దా అని ఆలోచించవలసి వస్తుంది. కార్యాలయంలో మతం గురించి, సంఘంలో కులం గురించి నోరు మెదపకూడదు. మనిషికి ఉన్న రెండు నిజాల్లో ఏ ఒక్కటి పలికినా రెండోది చేజారిపోతుంది.

ఈ మౌనం జనాభా లెక్కల్లో అంకెలుగా కనిపిస్తుంది. 1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు 4.19 శాతం, 1981లో 2.68, 1991లో 1.83, 2001లో 1.55, 2011లో 1.34 శాతం. ఇదే నలభై ఏళ్ళలో సంఘాలు, ప్రార్థన మందిరాలు, సువార్త సభలు ఊరూరా పెరిగాయన్నది ఎవరూ కాదనని సంగతి. తగ్గింది విశ్వాసులు కాదు, విశ్వాసాన్ని ప్రభుత్వ ఉద్యోగి ముందు పలికే ధైర్యమని అనుకోవడానికి ఈ అంకెల కన్నా మంచి ఆధారం అక్కరలేదు. దీన్ని మోసమని నిందించేవారు ఒక విషయం మరచిపోతారు: కులం వల్ల వచ్చిన వెలి మతం మార్చుకున్నంత మాత్రాన తొలగి ఉంటే, ఆ కుటుంబానికి ఆ ధ్రువపత్రం అవసరమే ఉండేది కాదు.

కులం లెక్కలు కూడా ఇదే కాలంలో మూగబోయాయి. 1931 తరువాత దేశమంతటా అన్ని కులాల వివరాలతో లెక్కలు వెలువడలేదు. 1951 నుంచి షెడ్యూల్డు కులాలు, తెగలు తప్ప మిగతావారి కులం నమోదు చేయడం మానేశారు. లెక్కించకపోతే విభజన సమసిపోతుందన్నది ఆనాటి నాయకుల ఆశ. ఫ్రాన్సు కూడా ఇలాంటి ఆదర్శంతోనే పౌరుల జాతి వివరాల సేకరణను 1978 చట్టంతో కట్టడి చేసింది. ఆ ఆశలోని చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు గాని, దాని ఫలితం ఏకపక్షంగా ఉంది. కింది కులాలు ప్రతి దరఖాస్తులోనూ తమ కులాన్ని రాసుకోవలసి వచ్చింది. భూమి, వ్యాపారం, అధికారం ఎవరి చేతుల్లో ఎంత ఉందో తెలిపే పై కులాల లెక్క మాత్రం తెల్లకాగితంగా ఉండిపోయింది. తమకు కులం పట్టింపు లేదని చెప్పుకోవడం పై కులాలకు సులభం కావడానికి ఈ తెల్లకాగితమే ఆధారం.

నోరెత్తిన వారు

మౌనాన్ని ఛేదించిన ఘట్టాలు కూడా అప్పటి ప్రకాశం జిల్లాలోనే జరిగాయి. చీరాల దగ్గరి కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీటిని పాడుచేయవద్దని పల్లెవారు అభ్యంతరం చెప్పడంతో మొదలైన తగాదా, 1985 జూలై 17న కమ్మ భూస్వాముల సామూహిక దాడిగా మారి ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. చీరాలలో వెలసిన బాధితుల శిబిరం నుంచి కత్తి పద్మారావు, బొజ్జా తారకం తదితరుల నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. కారంచేడు తరువాత తెలుగు పత్రికలు, సాహిత్యం, వామపక్ష సంఘాలు వర్గం అన్న మాట వెనుక కులాన్ని దాచిపెట్టడం కష్టమైంది. 1994 జూలై 7న ఇదే జిల్లాలోని ఈదుముడిలో మంద కృష్ణ, ఆయన సహచరులు ప్రారంభించిన మాదిగ దండోరా మరొక అడుగు వేసింది. తరతరాలుగా తిట్టుగా వాడిన కులం పేరును యువకులు తమ పేరు చివర తగిలించుకుని, ఊరివారికి కబురు చాటడానికి కొట్టిన డప్పునే తమ హక్కు చాటడానికి కొట్టారు. షెడ్యూల్డు కులాల వర్గీకరణను 2004లో కొట్టివేసిన సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న దాన్ని సమ్మతించడంతో ఆ ఉద్యమం చట్టపరమైన గెలుపు సాధించింది.

దేశంలో వినిపించిన ఈ మాటను దేశం బయట వినిపించకుండా చేయాలని ప్రభుత్వమే ప్రయత్నించింది. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతివివక్షకు వ్యతిరేకంగా ఐక్యరాజ్య సమితి నిర్వహించిన సదస్సులో కులాన్ని చర్చించాలని దళిత సంస్థలు కోరగా, కులం జాతి కాదు గనుక అది సదస్సు పరిధిలోకి రాదని భారత ప్రభుత్వం వాదించింది. జీవశాస్త్రపరంగా కులం జాతి కాదన్నది నిజమే. అంబేడ్కర్ కూడా రిజ్లీ సిద్ధాంతాన్ని తోసిపుచ్చాడు. పుట్టుకను బట్టి మనిషి విలువ నిర్ణయించడమే రెండింటిలోనూ జరిగే అన్యాయం. ఐక్యరాజ్య సమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ మరుసటి ఏడాది చేసిన సిఫారసులో వంశపారంపర్య వివక్షలో కులం కూడా భాగమని స్పష్టం చేసింది.

1989 నాటి షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం, నలుగురి ముందు కులం పేరుతో అవమానించడాన్ని నేరం చేసింది. వీధుల్లో కులం పేరుతో తిట్టే పాత బిగ్గరమాట తగ్గడానికి ఈ చట్టం నిజంగా తోడ్పడింది, అది చిన్న మేలు కాదు. అయితే “పేరెత్తితే కేసవుతుంది” అన్న జాగ్రత్త మాత్రమే మిగిలి, ఇల్లు అద్దెకివ్వకపోవడం, పెళ్ళికి పిలవకపోవడం, గుడి వైపు రానివ్వకపోవడం పేరెత్తకుండానే సాగినప్పుడు, చట్టానికి దొరకని కులం మర్యాద ముసుగులో నిలబడుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 30న, రాబోయే జనాభా లెక్కల్లో అన్ని కులాలనూ నమోదు చేస్తామని ప్రకటించింది. తొమ్మిది దశాబ్దాల తరువాత జనాభా లెక్కల్లో ప్రతి ఇంటినీ కులం అడుగుతారు. పై కులాల తెల్లకాగితం మీద కూడా సిరా పడుతుంది. మార్కాపురం, గిద్దలూరు ఇళ్ళలో ఆ ప్రశ్నకు నిజమైన జవాబు రావాలంటే గణకుడి మర్యాద చాలదు. మాదిగ బాప్టిస్టు తన కులాన్ని, తన మతాన్ని పక్కపక్క గడుల్లో రాయించి కూడా తన బిడ్డ ధ్రువపత్రం పోగొట్టుకోని విధంగా 1950 నాటి మూడో పేరా తొలగాలి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కుల హోదా కోరుతూ చేసిన తీర్మానం ఆ దిశలోనిదే. చెంచు గూడెం గురించి రాసే ప్రతి నివేదికలో చెంచుల సొంత మాటకు చోటుండాలి. పై కులాలవారు తమ కులం వల్ల తమకు దక్కినదేమిటో తమ పిల్లల ముందు, తమ బడుల్లో చెప్పుకోగలగాలి. కులం గురించి మాట్లాడితే కులం పెరుగుతుందని భయపడే సమాజం, ఇన్నేళ్ళుగా మాట్లాడకుండానే అది ఎలా నిలిచి ఉందో ఈ సీమ చరిత్రను చూసి తెలుసుకోవచ్చు. నిజం చెప్పినవాడు నష్టపోని రోజు వచ్చేవరకు, ఇక్కడి మౌనాన్ని సంస్కారమని పిలిచే హక్కు ఎవరికీ లేదు.